ఫ్లయింగ్ క్లబ్ చిన్న విమానం సెస్నా 172లో ప్రతి ఉదయం ఇంధనం తీసి చూడాలా?

నిన్న సాయంత్రం ఇంకో సభ్యుడు నడిపి దింపిన విమానమే కదా, నీరు కలిసిందేమో చూడటానికి ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనం మళ్లీ తీయడం అవసరమా అని ప్రశ్న. అవసరమే. రోజు మొదటి ప్రయాణానికి ముందూ, ఇంధనం పోయించిన ప్రతిసారీ తీయాలి.

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ నీరవుతుంది. అంతకన్నా పెద్ద దొంగ రెక్క మీది ట్యాంకు మూత: దాని రబ్బరు రింగు పగిలితే వాననీరు నేరుగా దిగుతుంది. నీరు బరువు కనుక అడుగుకు చేరుతుంది, ఇంజన్‌కు ముందు అదే అందుతుంది.

172ఎస్ మోడల్లో ఒక్కో రెక్క కింద ఐదు, ముక్కు కింద మూడు, మొత్తం 13 చోట్ల తీయాలి. ఇంధనం పట్టిన గ్లాసును తెల్లటి వస్తువు ముందు పట్టి చూడండి. 100ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలు లేత నీలంగా ఉండాలి. నీరుంటే అడుగున గీత కట్టి, బుడగలా కదులుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: గ్లాసు నిండా నీరే వస్తే గీత ఉండదు, స్వచ్ఛంగా కనిపిస్తుంది. అందుకే రంగు, వాసన రెండూ చూడాలి. నీరు కనబడితే రెక్కలు మెల్లగా ఊపి, కాసేపాగి, మళ్లీ తీయండి. అయినా వస్తుంటే ఎగరవద్దు. లాగ్‌బుక్‌లో రాసి, మెకానిక్‌కు చెప్పి, తర్వాత బుక్ చేసుకున్న సభ్యుడికి ఫోన్ చేయండి.