60 స్విచ్‌లకు ఒకే స్క్రిప్టు

ప్రశ్న: గాజువాక, మధురవాడ, అనకాపల్లి బ్రాంచీల్లో కలిపి మాకు 60 సిస్కో నెట్‌వర్క్ స్విచ్‌లున్నాయి. సీసీ కెమెరాల కోసం అన్నిటిలో వీలాన్ 40 (విడి నెట్‌వర్క్) పెట్టి, ట్రంకుల (పలు వీలాన్లను మోసే, స్విచ్‌ల మధ్య లింకుల) మీదుగా పంపాలి. ఒక్కోదానికి పుట్టీ (రిమోట్ లాగిన్ ప్రోగ్రాం)లో లాగిన్ అవుతూ పోతే వారం పడుతుంది. పైథాన్ కొద్దిగా వచ్చు. స్క్రిప్టు రాస్తే ఎక్కడ దెబ్బ తింటాం?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: నెట్‌మికో అనే పైథాన్ లైబ్రరీ వాడండి. అది పారమికో అనే ఎస్ఎస్‌హెచ్ (సురక్షిత రిమోట్ లాగిన్) లైబ్రరీ మీదే కట్టింది. కానీ ప్రాంప్ట్ (తర్వాతి కమాండుకు స్విచ్ సిద్ధమనే గుర్తు) వచ్చేదాకా ఆగడం, లాగిన్ కాగానే ‘టెర్మినల్ లెంగ్త్ 0’ కొట్టి పేజీపేజీకీ ‘మోర్’ దగ్గర ఆగకుండా చూడడం తనే చేసుకుంటుంది.

మొదటి రోజు ఏదీ మార్చకండి. ‘షో రన్నింగ్ కాన్ఫిగ్’ (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులు చూపే కమాండు) ఒక్కటే అన్నిటిలో నడిపి, స్విచ్ పేరు, తేదీతో ఫైళ్లుగా దాచండి. బ్యాకప్ చేతికొస్తుంది, లాగిన్ కానివేవో కూడా తేలిపోతుంది. కొన్నిటిలో టెల్‌నెట్ (ఎన్‌క్రిప్షన్ లేని పాత లాగిన్ పద్ధతి) మాత్రమే ఉంటుంది. పాత ఐఓఎస్ (సిస్కో స్విచ్ సాఫ్ట్‌వేర్) ఉన్నవాటి ఎస్ఎస్‌హెచ్ పద్ధతులను కొత్త లైబ్రరీలు ఒప్పుకోకపోవచ్చు. అలాంటివి విడిగా చూసుకోండి. థ్రెడ్లు (పలు స్విచ్‌ల పని ఒకేసారి నడిపే పద్ధతి) పెడితే ఒకేసారి 10కి మించనివ్వకండి. ముందు ఒక్క స్విచ్ మీద లాగిన్ సరిచూసుకోండి. పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం తప్పినా వరసగా 60 లాగిన్లు విఫలమవుతాయి, రేడియస్ సర్వర్ (లాగిన్లను సరిచూసేది)లో మీ అకౌంటు లాక్ అయిపోవచ్చు.

అసలు ప్రమాదం ఒక్క మాటలో ఉంది. ట్రంకు మీద ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 40’ అని కొట్టాలి. ‘యాడ్’ మరిచిపోతే పాత జాబితా మొత్తం పోయి 40 ఒక్కటే మిగులుతుంది. మేనేజ్‌మెంట్ వీలాన్ (మీరు స్విచ్‌లోకి లాగిన్ అయ్యే దారి) కూడా ఆ ట్రంకు మీదే వస్తుంటే స్విచ్ మీ చేతికి అందదు. స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని అనకాపల్లి బండెక్కాల్సిందే. స్క్రిప్టైతే ఆ తప్పును నిమిషాల్లో 60 చోట్లా చేసేస్తుంది.

అందుకని పని రాత్రి పెట్టుకోండి. ముందు ‘రైట్ మెమరీ’ (ఉన్న కాన్ఫిగ్‌ను సేవ్ చేసే కమాండు), తర్వాత ‘రీలోడ్ ఇన్ 10’, ఆపైన మార్పు. లింకు తెగితే పది నిమిషాల్లో స్విచ్ తనంతట తనే రీబూట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, అప్పుడే సేవ్ చేయండి. మార్పు పనిచేసిందో లేదో చూడకముందే దాన్ని సేవ్ చేస్తే ఈ రక్షణ పనికిరాదు. రీలోడ్ కమాండు ‘కన్‌ఫర్మ్’ అని అడుగుతుంది కాబట్టి నెట్‌మికోలోని మామూలు ‘సెండ్ కమాండ్’ ప్రాంప్ట్ కోసం ఎదురుచూసి టైమవుట్ అవుతుంది. ‘సెండ్ కమాండ్ టైమింగ్’ వాడి, ఆ ప్రశ్నకు ఎంటర్ పంపండి. ఒకదాని వెనుక ఒకటి వేలాడే స్విచ్‌లుంటే చివరిదానితో మొదలుపెట్టండి.

ఇంకొకటి. స్విచ్ ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అన్నా నెట్‌మికోలో మార్పులు పంపే ‘సెండ్ కాన్ఫిగ్ సెట్’ ఆగదు, తర్వాతి లైనుకు పోతుంది. ‘ఎర్రర్ ప్యాటర్న్’ ఇస్తే అక్కడే ఆగుతుంది. వీటీపీ (వీలాన్ జాబితాను స్విచ్‌ల మధ్య పంచే సిస్కో పద్ధతి) క్లయింట్ మోడ్‌లో ఉన్న స్విచ్‌లో వీలాన్ తయారవదు, వీటీపీ సర్వర్‌గా ఉన్న స్విచ్‌లోనే చేయాలి. చివర్లో ‘షో వీలాన్ బ్రీఫ్’, ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’ ఫలితాల్లో 40 ఉందో లేదో స్క్రిప్టుతోనే వెతికించండి.

సేవ్ అయిందా అన్నది మాత్రం ప్రతి స్విచ్‌లో చూసుకోండి. సేవ్ చేయని కాన్ఫిగ్ కరెంటు పోగానే పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన ఊరు మన విశాఖ. తుపాను రోజుల్లో యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది?

ప్రశ్న: పాస్‌వర్డ్ స్క్రిప్టులోనే రాస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: తప్పే. ఆ ఫైలు ఎవరికి పంపినా స్విచ్‌లన్నిటి తాళాలూ వాళ్ల చేతిలో పెట్టినట్టే. మనిషి నడిపే స్క్రిప్టయితే పైథాన్‌లోని గెట్‌పాస్‌తో అప్పటికప్పుడు అడిగించండి, టైప్ చేసేది తెరమీద కనపడదు. ఇప్పటికే గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది)లోకి ఎక్కించి ఉంటే ఆ లైను చెరిపినా పాత కమిట్లలో (దాచిన పాత రూపాల్లో) ఉండిపోతుంది. పాస్‌వర్డే మార్చేయండి.