సూపర్‌లేటివ్ డిగ్రీలో ఎక్కడ 'ఈఎస్‌టీ', ఎక్కడ 'మోస్ట్'? 'టాలెస్ట్ దేన్ ఆల్' ఎందుకు తప్పు?

సూపర్‌లేటివ్, అంటే గుంపులో 'అందరికంటే ఎక్కువ' అని చెప్పే రూపం, గురించి మీరు అడిగినవి రెండు. ఏ మాట చివర 'ఈఎస్‌టీ' చేర్చాలి, దేని ముందు 'మోస్ట్' పెట్టాలి అన్నది ఒకటి. 'షీ ఈజ్ టాలెస్ట్ దేన్ ఆల్ ఇన్ మై క్లాస్' అని రాస్తే మార్కు ఎందుకు పోయింది అన్నది రెండోది. మొదటిది గంటలో వచ్చేస్తుంది. అసలు చిక్కంతా రెండోదాంట్లోనే ఉంది.

ముందు మొదటిది కానిద్దాం. టాల్, చీప్, కోల్డ్ లాంటి ఒక్క సిలబుల్ (ఒకే ఊపులో పలికే ముక్క) మాటలకి 'ఈఎస్‌టీ'. మాట అప్పటికే 'ఇ' అక్షరంతో ముగిస్తే 'ఎస్‌టీ' చాలు: లార్జ్, లార్జెస్ట్. స్పెల్లింగ్ తప్పేది బిగ్, హాట్, థిన్, వెట్ దగ్గర. చివర ఒకే హల్లు, దాని ముందు ఒకే అచ్చు ఉంటే ఆ హల్లుని రెండుసార్లు రాయాలి: హెచ్-ఓ-టి-టి-ఇ-ఎస్-టి. 'డీప్'లో అచ్చులు రెండున్నాయి, 'థిక్'లో చివరి హల్లులు రెండున్నాయి కాబట్టి అక్కడ రెట్టింపు అక్కర్లేదు. స్లో, న్యూ లాంటి 'డబ్ల్యూ' మాటలకీ అంతే. హల్లు తర్వాత వచ్చే 'వై'ని 'ఐ'గా మార్చాలి: డ్రై అయితే డి-ఆర్-ఐ-ఇ-ఎస్-టి. 'షై' మాత్రం మొండిది, 'వై'ని అలాగే ఉంచుకుంటుంది.

రెండు సిలబుల్స్ మాటల్లో 'వై'తో ముగిసేవి, అంటే ఈజీ, హెవీ, డర్టీ లాంటివి, 'ఈఎస్‌టీ' తీసుకుంటాయి. సింపుల్, న్యారో, క్లెవర్ కూడా తీసుకుంటాయి. ఫేమస్, యూజ్‌ఫుల్, మోడర్న్ లాంటి వాటికి 'మోస్ట్' పెట్టాలి. కామన్, పొలైట్, క్వైట్ ఎలా రాసినా చెల్లుతాయి. బోర్డ్, టైర్డ్ లాంటి 'ఈడీ' మాటలు ఎంత చిన్నవైనా 'మోస్ట్' పెట్టండి. రెండు సిలబుల్స్ దాటితే 'మోస్టే', కాకపోతే అన్‌హ్యాపీ, అన్‌టైడీ లాంటివి అసలు మాట పద్ధతినే పాటిస్తాయి: అన్‌హ్యాపియెస్ట్. 'వై' మాటలు పక్కన పెడితే, అనుమానం వచ్చినచోట 'మోస్ట్' వైపు మొగ్గడమే మేలు. 'మోస్ట్ సింపుల్' అంటే ఎవరూ పట్టించుకోరు, 'ఫేమసెస్ట్' అంటే నవ్వుతారు. రెండూ కలిపి 'మోస్ట్ బెస్ట్', 'మోస్ట్ ఈజియెస్ట్' అని మాత్రం ఎక్కడా రాయకండి. గుడ్-బెస్ట్, బ్యాడ్-వర్స్ట్, లిటిల్-లీస్ట్, మెనీ-మోస్ట్, ఫార్-ఫర్దెస్ట్ కంఠస్థం చేయాల్సినవే, వేరే దారి లేదు.

ఇక రెండోది. సూపర్‌లేటివ్ రాసే ప్రతిసారీ 'ఏ గుంపులో?' అని అడగండి. మనం 'అందరికంటే పొడుగు' అనేస్తాం, ఆ 'కంటే' చూసి చెయ్యి దానంతటదే 'దేన్' రాసేస్తుంది. ఇంగ్లీషులో కంపారెటివ్ (టాలర్ లాంటి, పోల్చి చెప్పే రూపం) ఒకరిని ఇటు, మిగతావాళ్లని అటు నిలబెడుతుంది, మధ్యలో 'దేన్' వస్తుంది. సూపర్‌లేటివ్‌లో ఆ అమ్మాయి కూడా గుంపులోనే ఉంటుంది, అందుకని 'ఇన్' గానీ 'ఆఫ్' గానీ రావాలి. 'షీ ఈజ్ ది టాలెస్ట్ ఇన్ మై క్లాస్' లేదా 'షీ ఈజ్ టాలర్ దేన్ ఎనీ అదర్ గర్ల్ ఇన్ మై క్లాస్'. మీ వాక్యంలో ఈ రెండూ కలిసిపోయాయి, పైగా 'ది' కూడా పోయింది.

ఊరు, క్లాసు, దేశం, కుటుంబం లాంటి ఒక్క పేరుతో చెప్పే గుంపుకి 'ఇన్'. లెక్కకి, మనుషుల వరసకి, కాలానికి 'ఆఫ్': ది టాలెస్ట్ ఆఫ్ ది త్రీ, ది హాటెస్ట్ మంత్ ఆఫ్ ది ఇయర్. మనకి అన్నిటికీ 'లో' ఒక్కటే సరిపోతుంది కాబట్టి 'బెస్ట్ బాయ్ ఆఫ్ ది క్లాస్' అని వచ్చేస్తుంటుంది.

'ఎనీ అదర్'లో ఆ 'అదర్' ఊరికే లేదు. 'హైదరాబాద్ ఈజ్ బిగ్గర్ దేన్ ఎనీ సిటీ ఇన్ తెలంగాణ' అంటే హైదరాబాద్ తనకంటే తానే పెద్దదని అర్థం, అదీ తెలంగాణలోని సిటీయే కదా. అదే 'ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్' అంటే ఇప్పుడు 'అదర్' అక్కర్లేదు. 2014 జూన్ 2కి ముందు రాసి ఉంటే కావాల్సి వచ్చేది! రాష్ట్రం విడిపోతే గ్రామర్ కూడా మారింది.

పరీక్షల్లో డిగ్రీ మార్చమని ఇచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, గుంపులో ఒక్కటే అన్నిటికంటే ముందున్నది: 'ది గోదావరి ఈజ్ ది లాంగెస్ట్ రివర్ ఇన్ సౌత్ ఇండియా'. దీనికి కంపారెటివ్ 'ది గోదావరి ఈజ్ లాంగర్ దేన్ ఎనీ అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా', పాజిటివ్ (లాంగ్ లాంటి మామూలు రూపం) 'నో అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి'. అంతా ఏకవచనమే. రెండోది, ముందు వరసలో ఉన్న కొన్నిట్లో ఒకటి: 'ది కృష్ణా ఈజ్ వన్ ఆఫ్ ది లాంగెస్ట్ రివర్స్ ఇన్ ఇండియా'. ఇది 'ది కృష్ణా ఈజ్ లాంగర్ దేన్ మోస్ట్ అదర్ రివర్స్ ఇన్ ఇండియా', 'వెరీ ఫ్యూ రివర్స్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ లాంగ్ యాజ్ ది కృష్ణా' అవుతుంది. ఇక్కడ 'రివర్స్' బహువచనం. మార్కులు పోయేది 'నో అదర్ రివర్స్', 'వెరీ ఫ్యూ రివర్ ఈజ్' అని అటుదిటు చేసినప్పుడే. ముందు 'వన్ ఆఫ్' ఉందా లేదా చూసుకుని, ఆ తర్వాతే పెన్ను పెట్టండి. నది పేర్ల ముందు 'ది' కూడా మర్చిపోకండి.

'వన్ ఆఫ్ ది బెస్ట్ ప్లేయర్' అనడం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది, టీవీల్లో కూడా వింటుంటాం. ఉన్నవాళ్లలో ఒకరు అంటున్నాం కాబట్టి 'ప్లేయర్స్' కావాలి. దాని తర్వాత వచ్చే క్రియ మాత్రం 'వన్'ని బట్టి ఏకవచనం: 'వన్ ఆఫ్ ది బెస్ట్ ప్లేయర్స్ ఈజ్ ఇంజర్డ్'.

'ది' ఎక్కడ వదిలేయొచ్చంటే, మై, హిజ్, ఇండియాస్ లాంటివి ముందుంటే పెట్టకూడదు: మై బెస్ట్ ఫ్రెండ్. ఒకే వస్తువుని దానితోనే పోల్చినప్పుడూ అవసరం లేదు: 'ది రివర్ ఈజ్ డీపెస్ట్ హియర్', అంటే ఆ నదికే ఇక్కడ లోతెక్కువ. ఇద్దరే ఉంటే సూపర్‌లేటివ్ కాదు, 'ది టాలర్ ఆఫ్ ది టూ' అనండి.

వయసు దగ్గర ఇంకో తప్పు విపరీతంగా కనిపిస్తుంది: 'హీ ఈజ్ ఎల్డర్ దేన్ మీ'. ఎల్డర్ పక్కన 'దేన్' రాదు, 'ఓల్డర్ దేన్ మీ' అనాలి. ఎల్డర్, ఎల్డెస్ట్ ఎక్కువగా ఇంట్లోవాళ్ల వరసకే వాడతారు: మై ఎల్డర్ బ్రదర్, ది ఎల్డెస్ట్ డాటర్. గుడికి, చెట్టుకి 'ఓల్డెస్ట్'. సీనియర్, జూనియర్ పక్కన 'టు' వస్తుంది. మన ఆఫీసు కాగితాల్లో కనిపించే 'సీనియర్‌మోస్ట్ ఆఫీసర్' ఇండియాలో చెల్లుబాటయ్యే మాటే, విదేశీ యూనివర్సిటీకో కంపెనీకో రాసేటప్పుడు మాత్రం 'ది మోస్ట్ సీనియర్ ఆఫీసర్' అని మార్చి పంపండి.