బోన్సాయ్ కుండీల్లో ఉడుతల తవ్వకాలు

ప్రశ్న: మేడ మీద నాలుగు బోన్సాయ్‌లు (చిన్న కుండీల్లో పెంచే మరుగుజ్జు చెట్లు) పెంచుతున్నానండీ. ఉడుతలు రోజూ మట్టి తవ్విపోస్తున్నాయి, మొన్న మర్రి వేర్లు బయటపడి ఆకులు రాలిపోయాయి. కలరా ఉండలు వేయమంటున్నారు, వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కలరా ఉండలు వద్దమ్మా, అవి విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ ప్రమాదం. ఎరువుగా వేరుశనగ చెక్క (నూనె తీయగా మిగిలే పిప్పి) పొడి చల్లుతున్నారా? ఆ వాసనకి ఉడుతలే కాదు, ఎలుకలూ వస్తాయి. పొడి మానేసి, నానబెట్టి బాగా పలచన చేసిన తేట పోయండి. గింజలు దాచుకోడానికి కూడా ఉడుతలు మెత్తటి మట్టే వెతుక్కుంటాయి, బోన్సాయ్ కుండీకి లోతెక్కడిది, రెండు గీకులకే వేర్లు తేలిపోతాయి. అందుకని అరంగుళం కన్నాల ఇనుప వల కుండీ సైజుకు కత్తిరించి, మొదలు చుట్టూ కాస్త ఖాళీ వదిలి, మట్టి మీద పరిచి తీగతో కుండీకి కట్టేయండి, నీళ్లు ఎలాగూ దిగుతాయి. కారం చల్లితే ఒక్క వానకి కొట్టుకుపోతుంది, గాలి వీస్తే మీ కళ్లలోనే పడుతుంది (నాకు అనుభవమే). జిగురు అట్టలు అసలొద్దు, పిట్టలు అతుక్కుని చస్తాయి. మర్రికి వెంటనే మట్టి కప్పి కొన్నాళ్లు నీడలో పెట్టండి, కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు జోలికి పోవద్దు.