చిన్న వంటగదిలో సామాన్లన్నీ పట్టేలా కప్‌బోర్డులు ఎలా చేయించుకోవాలి?

వంటగది చిన్నదనీ, కప్‌బోర్డులు కొత్తగా చేయిస్తున్నామనీ, ఎన్ని అరలు పెట్టించినా సామాను గట్టు మీదే మిగిలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. మా వంటగది పూర్తిగా విప్పించి మళ్ళీ చేయించుకున్నాం కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను. ఎన్ని అరలున్నాయన్న లెక్క పక్కన పెట్టండి. రోజూ వాడే ప్రతి వస్తువూ, దాని ముందున్నవి జరపకుండా చేతికి అందుతుందా అన్నది చూడండి. అలా అందని చోట ఏడాది తిరిగేసరికి అక్కర్లేని సామానే చేరుతుంది.

డ్రాయింగ్ గీయించే ముందే సామాను కొలవండి. మేము అన్నీ నేల మీద పరిచి రోజూ వాడేవి, అప్పుడప్పుడూ తీసేవి, ఏడాదికోసారి కూడా ముట్టనివి అని విడదీశాం. ఆఖరి రకం చాలావరకు ఇచ్చేశాం. మిగిలినవాటిలో ఎత్తైన కుక్కర్ ఎంత, వెడల్పాటి పళ్ళెం ఎంత, జార్ పెట్టాక మిక్సీ ఎంత ఎత్తు వస్తుంది అని రాసుకున్నాం. కార్పెంటర్‌కి ఆ కాగితం ఇచ్చాక మాటలు మారిపోయాయి. అంతకుముందు "మూడు అరలు వస్తాయండి" అనేవాడు, తర్వాత "ఈ సొరుగులో మీ పెద్ద గిన్నెలు నిలబడతాయండి" అనడం మొదలుపెట్టాడు.

గట్టు కింద మాత్రం వీలైనంత వరకు సొరుగులే పెట్టించండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. కింది కప్‌బోర్డు లోతు సాధారణంగా 55 నుంచి 60 సెం.మీ. ఉంటుంది. తలుపు పెట్టి లోపల అర వేస్తే ముందు సగమే కనిపిస్తుంది. వెనక ఉన్నది కావాలంటే వంగాలి, కూర్చోవాలి, ముందున్నవన్నీ బయట పెట్టాలి. సొరుగైతే ఆ లోతంతా మన దగ్గరికే వస్తుంది, పైనుంచి చూస్తే ప్రతి వస్తువూ కనిపిస్తుంది. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే ఈ తేడా రోజూ తెలుస్తుంది.

అయితే సొరుగు జారే పట్టాలు, అంటే చానెల్, పూర్తిగా బయటికి వచ్చే రకం కావాలి. కొన్ని చానెళ్ళు ముప్పాతిక వంతే తెరుచుకుంటాయి, చివరి భాగం గట్టు కింద చీకట్లోనే ఉండిపోతుంది. ఎన్ని కిలోలు మోస్తుందో కూడా కొనేముందే అడగండి. స్పూన్లూ గరిటెలూ పెట్టే సొరుగుకి మామూలు చానెల్ చాలు. పింగాణీ ప్లేట్లూ మందపాటి గిన్నెలూ పెట్టేదానికి 30 కిలోల చానెల్ మీద ఆధారపడకుండా ఇంకా గట్టిది వేయించండి. సొరుగు అడుగు పలక పల్చగా ఉంటే కొన్నాళ్ళకి మధ్యలో దిగుతుంది, దాని మందం మీద కూడా పట్టుబట్టండి.

చాలామంది పట్టించుకోని లెక్క ఇంకోటి ఉంది. మీకు 90 సెం.మీ. వెడల్పు చోటు ఉందనుకోండి. అక్కడ 45 సెం.మీ. పెట్టెలు రెండు చేయిస్తే, ఒక్కోదానిలో 18 మి.మీ. పక్క పలకలు రెండింటికి 36 మి.మీ., చానెళ్ళకి దాదాపు 26, సొరుగు పక్కలకి మరో 30 పోతాయి. లోపల మిగిలేది 358 మి.మీ., రెండూ కలిపితే 716. అదే చోట ఒకే వెడల్పాటి పెట్టె చేయిస్తే 808 మిగులుతుంది. ఒక వరుసలోనే 9 సెం.మీ. కలిసొచ్చింది. పైగా పెద్ద పాన్లు పిడితో సహా అడ్డంగా పడతాయి. చిన్న వంటగదిలో చిన్న చిన్న పెట్టెలు ఎక్కువ పెట్టించడం వల్ల చోటు పెరగదు, చెక్కలే పెరుగుతాయి.

సొరుగుల ఎత్తు అన్నిటికీ ఒకేలా వద్దు. మాకు పైది స్పూన్లకి 12 సెం.మీ. లోపు, మధ్యది ప్లేట్లకీ చిన్న డబ్బాలకీ 20 దాటి, అడుగుది పెద్ద గిన్నెలకి 30 పైన వచ్చింది. మీ సామాను కొలతల్ని బట్టి ఇవి మారతాయి. మూతలకి మాత్రం లోతైన సొరుగులో నిలువు అడ్డాలు పెట్టించండి. ఒకదాని మీద ఒకటి పేర్చిన మూతలంత విసుగు తెప్పించేవి వంటగదిలో ఇంకేమీ లేవు.

గోడకి తగిలించే కప్‌బోర్డుల్లో సొరుగులు పనికిరావు, అక్కడ అరలే మంచివి. లోతు 30 నుంచి 35 సెం.మీ. ఉంటే చాలు, అంతకంటే ఎక్కువైతే వెనకవి కనపడవు, తలకీ తగులుతుంది. అరల్ని బిగించేయకుండా పక్క పలకలకి రంధ్రాలు వేయించండి. కప్‌బోర్డులు తయారుచేసేవాళ్ళు చాలాచోట్ల 32 మి.మీ. దూరంలో ఈ రంధ్రాలు వేస్తారు, పిన్ను మార్చి అర ఎత్తు ఎప్పుడైనా సవరించుకోవచ్చు. కొత్త డబ్బా సెట్ కొన్న ప్రతిసారీ ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. అరని మరీ వెడల్పుగా కూడా చేయించకండి. 18 మి.మీ. పలక 90 సెం.మీ. దాటితే బరువుకి వంగుతుంది. పైకప్పు దాకా కప్‌బోర్డు కట్టించడం నాకు ఇష్టమే. పై అర అరుదుగా తీసేవాటికి పనికొస్తుంది, దుమ్ము పేరుకునే ఖాళీ కూడా మిగలదు.

ఎల్ ఆకారం వంటగది అయితే మూల దగ్గరే అందరూ ఆగిపోతారు. గుండ్రంగా తిరిగే ట్రేలు ఒక దారి. వాటి చుట్టూ మూలలు వృథా అవుతాయి కానీ వస్తువు చేతికొస్తుంది. తలుపుతో పాటు బయటికి వచ్చే ట్రేలు ఇంకా బాగుంటాయి, ఖర్చు, బరువు రెండూ ఎక్కువే. మేము మూలని మూసేసి రెండు పక్కలా వెడల్పాటి సొరుగులు పెట్టించాం. వినడానికి చోటు పోగొట్టుకున్నట్టు ఉంటుంది కానీ, వాడుకలో ఆ సొరుగులే ఎక్కువ సామాను మోస్తున్నాయి. ఏది ఎంచుకున్నా మూల పక్కన 5 సెం.మీ. పట్టీ వదలమనండి. లేకపోతే ఈ వైపు సొరుగు తెరిస్తే ఆ వైపు హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది.

సన్నగా పొడుగ్గా మిగిలిన 15, 20 సెం.మీ. చోటుని చెక్కతో మూయించకండి. బయటికి లాగే సన్నటి ర్యాక్ పెడితే సీసాలన్నీ అందులోకి వెళ్తాయి, స్టవ్ పక్కనైతే మరీ మంచిది. సింక్ కింద పైపు వంపుని వదిలి రెండు పక్కలా సొరుగు వచ్చేలా యూ ఆకారంలో కోయించవచ్చు. అక్కడ నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్ తప్పనిసరి. నీళ్ళ వాల్వ్ అందేలా కూడా చూసుకోండి. కింది కప్‌బోర్డు అడుగున, కాళ్ళ దగ్గరి 10 సెం.మీ. ఖాళీలో సొరుగు పెడతామని కొందరు చెబుతారు. తడి గుడ్డతో నేల తుడిచే ఇంట్లో నేనైతే వద్దంటాను.

చిన్న వంటగది అని దిగులు పడకండి. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టే ఇళ్ళ కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ తయారుచేసిన వంటగది దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవే. వంట చేసేటప్పుడు మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో గమనించి ఆమె ప్రతి అరనీ అమర్చింది. పొడి సరుకులకి పిడి, మూతి ఉన్న అల్యూమినియం సొరుగు డబ్బాలు వరుసగా పెట్టింది, వాటిని లాగి నేరుగా గిన్నెలోకి ఒంపుకోవచ్చు. గది కొలతలకి సరిగ్గా కప్‌బోర్డులు బిగించే ఇప్పటి ఫిటెడ్ కిచెన్లకి ఆ వంటగదే మూలంగా చెబుతారు.

ఆర్డర్ ఇచ్చేముందు నేల మీద టేపు అంటించి కప్‌బోర్డుల హద్దులు గుర్తించండి. ఆ తర్వాత ప్రతి సొరుగూ తెరిచినంత మేర ఇంకో టేపు వేయండి. ఫ్రిజ్ తలుపుకీ, గది తలుపుకీ, ఎదుటి సొరుగుకీ తగులుతుందా, సొరుగు తెరిచి ఉంటే మీరు ఎక్కడ నిలబడతారు అన్నవి అప్పుడే తేలిపోతాయి. మీ గది పొడవు వెడల్పులు, కిటికీ, సింక్ పైపు ఎక్కడున్నాయో రాస్తే, ఏ గోడకి ఏది పెట్టించవచ్చో ఆలోచించి చెబుతాను.