జపాన్ ఆఫీసులో పైవాళ్ళకి మర్యాదగా థాంక్స్ ఎలా చెప్పాలి?

టోక్యోలో ఉద్యోగంలో చేరబోతున్నారు, మేనేజరుకి ఉత్త ‘అరిగాతో’ సరిపోతుందా అని మీ సందేహం. సరిపోదు. అది స్నేహితులకీ ఇంట్లోవాళ్ళకీ. పైవాళ్ళకైతే ‘అరిగాతో గొజాయిమస్’, పని అయిపోయాక ‘అరిగాతో గొజాయిమష్‌త’. ఇంతవరకు ఏ యాప్ అయినా నేర్పిస్తుంది. నేర్పనిది ఏమిటంటే, అక్కడ థాంక్స్ రెండుసార్లు చెప్పాలి. అప్పుడొకసారి, మళ్ళీ కలిసినప్పుడు ఇంకోసారి. నన్నడిగితే ఆ రెండోదే అసలు థాంక్స్.

ఒక సాయంత్రం మా డిపార్ట్‌మెంట్ హెడ్ టీమ్ మొత్తాన్నీ ఇజకయాకి, అంటే తాగుతూ తినే జపాన్ హోటల్‌కి, తీసుకెళ్ళారు. బిల్లు ఆయనే కట్టారు. బయటికొచ్చాక అందరం నడుం వంచి ‘గొచిసోసమ దెష్‌త’ అన్నాం, తిండి పెట్టించినవాళ్ళకి చెప్పే మాట. మర్నాడు పొద్దున ఆయన ఇంకా కోటు విప్పకముందే జపాన్‌వాళ్ళు ఒక్కొక్కరే బల్ల దగ్గరికెళ్ళి, నిన్న రాత్రికి అంటూ ‘కినో వ గొచిసోసమ దెష్‌త’ మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన చెయ్యి ఊపుతూ ‘ఇయ ఇయ’, అబ్బే అదేం లేదు, అంటున్నారు. కొత్తగా చేరిన మన గుంటూరు కుర్రాడు మాత్రం చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చున్నాడు. వెళ్ళరా అని సైగ చేస్తే, ‘రాత్రే చెప్పాను కదన్నా, ఎన్నిసార్లు?’ అన్నాడు. బలవంతాన పంపించాను. అంతవరకు వాడితో పని తప్ప ఇంకో మాట ఎత్తని పెద్దమనిషి, యకితోరి (పుల్లకి గుచ్చి కాల్చిన కోడిమాంసం) నచ్చిందా, ఈసారి కారం దొరికే చోటికి పోదామా అని నిలబెట్టి మాట్లాడారు.

వీడు జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్2, అంటే పైనుంచి రెండో స్థాయి, పాసైనవాడండీ! ఆ జేఎల్‌పీటీలో అసలు మాట్లాడే పరీక్షే లేదు. అన్నీ గళ్ళు నింపడమే. దానికోసం మనవాళ్ళు కోచింగులకి ఎంత పోస్తున్నారో!

కానుకల సంగతి ఇంకో తలనొప్పి. మా పాప పుట్టినప్పుడు వచ్చిన ప్రతి కానుకకీ సుమారు సగం విలువకి తిరుగు కానుక పంపాల్సొచ్చింది. మా ఆవిడ పెళ్ళి చదివింపుల పుస్తకంలా పేర్లూ యెన్‌లూ రాసుకుంది.

మీరు ఇప్పుడే కానుకల జోలికి పోకండి. ఎవరైనా కాఫీ ఇప్పించినా, పనిలో చెయ్యి సాయం చేసినా మర్నాడు గుర్తుపెట్టుకుని చెప్పండి. నాలుగు రోజులు దాటిపోయినా పర్లేదు, మొన్నటి దానికి థాంక్స్ అని ‘సెంజిత్సు వ అరిగాతో గొజాయిమష్‌త’ అనండి. మెయిల్ రాసినా మొదటి లైను అదే పెట్టండి.