ఫార్మాట్ కొట్టే ముందు ఆ ఫైలు పేరు చదువు

తిరుపతి

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విండోస్ 11కి మార్చినప్పటి నుంచి షాపులో కంప్యూటరు రోజుకు నాలుగుసార్లు ఆగిపోతా ఉండాదని, అడంగల్ ప్రింటు కోసం వచ్చిన రైతులు చూసి చూసి పక్క సెంటరుకు పోతా ఉండారని చెప్పింది. ఆదివారం ఫార్మాట్ కొట్టేస్తానంటా ఉండావంట. ఆగు నాయనా. ఫార్మాట్ ఎప్పుడైనా కొట్టొచ్చు. కొట్టినాక పోయిన ఫైళ్లు మాత్రం తిరిగి రావు.

2007లో విస్టా కొత్తగా వచ్చినప్పుడు, యూనివర్సిటీ హాస్టల్ పిల్లోడొకడు సీపీయూను ఆటోలో వేసుకొని బాలాజీ కాలనీలో నా షాపుకు తెచ్చినాడు. ఎక్స్‌పీ నుంచి మార్చుకున్నాడు, విండోస్ ఆగిపోయినప్పుడు వచ్చే నీలం స్క్రీన్ వస్తా ఉండాది. నేను ఆ స్క్రీన్ మీద ఏముందో చదవలా. సీ డ్రైవ్ తుడిచేసి మళ్లీ విండోస్ వేసినా. వాడి థీసిస్‌లో రెండు అధ్యాయాలు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయని తర్వాత తెలిసింది. నేను అడిగుండాల, అడగలా. పైగా మర్నాడు సాయంత్రానికి అదే నీలం స్క్రీన్. డ్రైవరంటే ఒక పరికరాన్ని విండోస్‌తో కలిపి పని చేయించే సాఫ్ట్‌వేర్. పాత సీడీలోని నెట్‌వర్క్ డ్రైవరునే నా చేత్తో మళ్లీ ఎక్కించినా కదా! ఆ పిల్లోడు ఒక్క మాట అనలేదు. స్టూలు మీద అట్లే కూర్చుండిపోయినాడు. ఆ మొహం నాకింకా గుర్తుండాది.

మామూలు సాఫ్ట్‌వేర్ చెడితే అదొక్కటే మూసుకుంటుంది. గ్రాఫిక్స్ డ్రైవరు, వైఫై డ్రైవరు లాంటివి అట్లా కాదు, విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే కూర్చుని పని చేస్తాయి. అక్కడ తనది కాని మెమరీలో చెయ్యి పెడితే, డేటా పాడు కాకూడదని విండోసే మొత్తం ఆపేస్తుంది. అప్‌గ్రేడ్‌తో విండోస్ లోపల మారిపోయింది, పాత డ్రైవరు పాత లెక్కతోనే నడుస్తా ఉంటుంది. ఒక్కోసారి విండోస్ అప్‌డేట్ మనకు చెప్పకుండా వేరే డ్రైవరు వేసుంటుంది.

అందుకే ఈసారి ఆగినప్పుడు స్విచ్ నొక్కబాకు, ముందు ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తియ్యి. కొత్త వెర్షన్లలో అది నీలం కాదు, నలుపు. కింద స్టాప్ కోడ్ ఉంటుంది, ఎందుకు ఆగిందో చెప్పే గుర్తు అది. 'వాట్ ఫెయిల్డ్' అని కూడా ఉండి, దాని పక్కన డాట్ ఎస్‌వైఎస్‌తో ముగిసే ఫైలు పేరు కనిపిస్తే సగం పని అయినట్టే. 'ఎన్‌వీఎల్‌డీడీ' అని మొదలైతే ఎన్విడియా గ్రాఫిక్స్, 'ఐజీడీకేఎండీ' అయితే ఇంటెల్ గ్రాఫిక్స్. 'ఎన్‌టీఓఎస్' అని వస్తే మోసపోవద్దు. అది కెర్నల్ పేరే, తప్పు చేసినోడు దాని వెనకాల ఇంకొకడు ఉంటాడు. స్క్రీన్ చదివే లోపల పోతే, విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అని ఉంటుంది చూడు, ఆగిపోయినప్పటి వివరాలు అందులో దాచి ఉంటాయి. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే ప్రతి క్రాష్‌కూ తేదీ, ఫైలు పేరు వస్తాయి. ప్రతిసారీ వేరే పేరు, వేరే కోడ్ వస్తా ఉంటే డ్రైవరును వదిలిపెట్టి ర్యామ్ పరీక్ష చెయ్యి.

షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొట్టి సేఫ్ మోడ్‌లోకి పోవచ్చు, అక్కడ విండోస్ తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే నడుస్తుంది. కానీ దానికి ముందు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసుకో. ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసి పెట్టుకో. ప్రింటరు, వేలిముద్రల మెషిను అన్నీ పీకేసి, సేఫ్ మోడ్‌లో ఒక గంట వదిలెయ్యి. అక్కడ నిలకడగా ఉంటే అనుమానం డ్రైవర్ల మీదే.

అప్పుడు డివైస్ మేనేజర్‌లో, ఆ ఫైలు పేరు ఏ పరికరానిదో దాని ప్రాపర్టీస్ తెరువు. డ్రైవర్ ట్యాబ్‌లో ముందున్న డ్రైవరును తిరిగి తెచ్చే 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది, అది నొక్కు. బటన్ బూడిద రంగులో ఉంటే పాత డ్రైవరు దాచిలేదని అర్థం. అప్పుడు కంప్యూటరు తయారు చేసిన కంపెనీ సైటులో నీ మోడల్ నంబరు కొట్టి విండోస్ 11 డ్రైవరు దించుకో, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో, ఆ తర్వాతే ఉన్నదాన్ని తీసెయ్యి. నెట్‌వర్క్ డ్రైవరుదైతే ఈ వరస అసలు తప్పొద్దు, తీసేసినాక నెట్టే ఉండదు. 'డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో' అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోబాకు, వాటివల్ల చెడినవి నా టేబుల్ మీదికి చాలా వచ్చినాయి.

ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చి ఒక పూట పని చేయించి చూడు. రెండు కలిపి మారిస్తే ఏది బాగు చేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. తేదీ, ఏం మార్చినావో నోటుబుక్‌లో రాసుకో.

అప్‌గ్రేడ్ చేసి 10 రోజులు దాటకపోతే సెట్టింగ్స్, రికవరీలో 'గో బ్యాక్' ఉంటుంది, పాత విండోస్ తిరిగొస్తుంది. పాత విండోస్ దాచి ఉంచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను డిస్క్ క్లీనప్‌లో తుడిచేసుంటే అదీ పోయినట్టే. అయితే విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది, కాబట్టి వెనక్కి పోయినా అక్కడే ఉండిపోవద్దు.

ఏం చేసినా సరే, రైతుల కాగితాల స్కాన్లు ఈ రాత్రికే బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించు. ఆ స్క్రీన్ ఫోటో వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వస్తా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామ