పచ్చి పలకలకు కప్పు పైనే ఉండాలి

ప్రశ్న: ఈదురుగాలికి పడిపోయిన మా పెరటి వేపచెట్టును మే నెలలో కోత మిల్లులో ఒకటిన్నర అంగుళాల మందపు పలకలుగా కోయించి, పెరట్లోనే ఒకదానిపై ఒకటి పేర్చాను. వానలు మొదలుకాగానే ధాన్యంపై కప్పే టార్పాలిన్‌ను నేల దాకా చుట్టి తాళ్లతో కట్టాను. ఇప్పుడు విప్పి చూస్తే నల్లటి మరకలు, బూజు వాసన! కప్పు తీస్తే తడుస్తాయి, ఉంచితే కుళ్లుతాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మీ పలకలను పాడుచేస్తున్నది వాన కాదు, బయటికి పోయే దారిలేక లోపలే నిలిచిపోయిన తేమ. వాన లేని రోజున తెల్లవారుజామున టార్పాలిన్ లోపలివైపు చేయి పెట్టి చూడండి, చెమట పట్టినట్లు నీటి బొట్లు తగులుతాయి. అవి పలకలు విడిచిన ఆవిరే. కలపలో తేమ 20 శాతం కంటే తగ్గితే బూజు పెరగదు. గాలి ఆడకుండా చుట్టి ఉంచితే ఆ స్థాయికి అది ఎన్నటికీ రాదు.

ఈ రోజే కట్లు విప్పి, బూజును పొడి బ్రష్‌తో దులిపి, పలకలను మళ్లీ పేర్చండి. అడుగున సిమెంటు ఇటుకలు పెట్టి నేలకు అడుగున్నర ఎత్తు ఉంచితే నేల తేమ తగలదు, చెదలు పట్టినా వెంటనే కంటపడతాయి. వరుసకూ వరుసకూ మధ్య అంగుళం మందపు ఎండిన రీపర్లను (సన్నని చెక్క బద్దలను) అడుగున్నర దూరానికి ఒకటి చొప్పున పెట్టండి. పై వరుస రీపరు కింది వరుస రీపరుకు సరిగ్గా పైనే, ఒకే నిలువు వరుసలో రావాలి. ఈ ఒక్క విషయంలో బద్ధకించవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే రీపరు పక్కకు జరిగిన చోట బరువుకు పలక వంగి, ఆ వంపుతోనే ఎండిపోతుంది. ఆ తర్వాత ఎంత చిత్రిక పట్టినా తలుపుకు పనికిరాదు.

కప్పుగా పాత రేకులు చాలు. వాటిని పలకలకు ఆనించకుండా, కొంచెం వాలుగా, నాలుగు వైపులా అడుగు చొప్పున బయటికి వచ్చేలా వేసి, పైన బరువైన రాళ్లు పెట్టండి. పక్కలు మాత్రం తెరిచే ఉంచండి. ఏటవాలు జల్లుకు అంచులు తడిసినా గాలికి త్వరగానే ఆరిపోతాయి. ముసురు పట్టినప్పుడు మాత్రం జల్లు కొట్టే వైపు టార్పాలిన్‌ను జానెడు ఎడంగా వేలాడదీసి, వాన తెరిపివ్వగానే తీసేయండి.

పలకల కొనలకు రెండు పూతలు పాత పెయింటు వేయండి. తేమ కొనల నుంచే అన్నిటికంటే వేగంగా పోతుంది కాబట్టి, వరంగల్ ప్రాంతపు ఎండలకు, వడగాలికి అక్కడే పగుళ్లు మొదలవుతాయి. వచ్చే వేసవిలో పడమటి ఎండకు అడ్డుగా పచ్చ వల కట్టండి.

నెలకొకసారి ఒకే పలకను తూకం వేసి రాసుకోండి. వానాకాలంలో తూకం నిలకడగా కనిపించినా నమ్మవద్దు. ఎండాకాలంలో వరుసగా రెండు నెలలు తగ్గకుండా నిలిచినప్పుడే వడ్రంగిని పిలవండి.